గుండెపోటు వచ్చినవారికి జ్వరం వస్తే ముందు ఎవరికి చెప్పాలి?

గుండెపోటుకు చికిత్స పొంది ఇంటికి చేరిన మనిషికి కొద్దిరోజులకు ఒళ్ళు వెచ్చబడిందనుకోండి. ఆ ఇంట్లో సాధారణంగా రెండు మాటలు వినబడతాయి. ఒకరు "అయ్యో, మళ్ళీ గుండెకే ఏదో అయింది" అని కంగారుపడతారు. మరొకరు "ఏమీ లేదు, ఆ ఇంగ్లీషు మందులు వేడి చేశాయి, రెండు రోజులు ఆపేస్తే అదే తగ్గుతుంది" అంటారు. మొదటి మాట వల్ల ఇంటిల్లిపాదికీ నిద్ర ఉండదు. రెండవ మాట వల్ల ప్రాణానికే ముప్పు రావచ్చు.

ఈ విషయంలో మా అభిప్రాయం పాఠకులకు స్పష్టంగా చెప్పదలచాము. గుండెపోటు వచ్చినవారికి జ్వరం వచ్చినప్పుడు ఏ మాత్ర వేయాలి, ఏ సూది వేయించాలి అన్నది రెండవ ప్రశ్న. ముందు ఎవరికి చెప్పాలి అన్నది మొదటి ప్రశ్న. గుండెకు వైద్యం చేసిన ఆసుపత్రికి ముందు చెప్పాలి, ఆ తర్వాతే ఏదైనా చేయాలి. ఈ ఒక్క అలవాటు మన కుటుంబాలకు రావాలని మా కోరిక. ఎందుకో వివరిస్తాము.

ఇది మన ఊళ్ళ సమస్య

గుండెజబ్బు పట్నంలో ఉండే కలిగినవారికి వచ్చే జబ్బు అని మన పెద్దలు అనుకునేవారు. ఆ మాట నిజం కాదని మన గోదావరి గ్రామాలే తేల్చి చెప్పాయి. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాలలోని 45 గ్రామాలలో, బైర్రాజు ఫౌండేషన్, కేర్ ఫౌండేషన్, ఆస్ట్రేలియాలోని జార్జ్ ఇనిస్టిట్యూట్ మొదలైన సంస్థలు కలిసి ఒక పరిశీలన చేశాయి. ఏడాది కాలంలో ఆ గ్రామాలలో జరిగిన 1,354 మరణాల గురించి ఇంటింటికీ వెళ్ళి కారణాలు కనుక్కున్నారు. నూటికి 32 మరణాలు గుండెపోటు, పక్షవాతం వంటి గుండె, రక్తనాళాల జబ్బుల వల్లనే జరిగాయి. అంటురోగాల వల్ల చనిపోయినవారు అందులో సగం కూడా లేరు. ఈ వివరాలు 2006లో ప్రచురితమయ్యాయి.

అలాగని మన డెల్టాలో జ్వరాలు తగ్గిపోలేదు. కాలువలు, చేపల చెరువులు, వరిచేలు, వానాకాలం నిలిచే నీళ్ళు, దోమలు మనకు తెలిసినవే. డెంగ్యూ, టైఫాయిడ్, మలేరియా, బోదకాలు జ్వరం మనకు కొత్త కాదు. అంటే ఒకే ఇంట్లో, ఒకే మనిషిలో గుండెజబ్బూ జ్వరమూ కలుసుకునే ప్రాంతం మనది. స్టెంటు ఏలూరులోనో, విజయవాడలోనో, రాజమండ్రిలోనో వేస్తారు. జ్వరం మాత్రం మన ఊరిలో, మన ఇంట్లో, రాత్రి పది గంటలకు వస్తుంది. అక్కడే చిక్కు వస్తున్నది.

మొదటి వారంలో వచ్చే జ్వరం

గుండెపోటు అంటే గుండెకు రక్తం తీసుకువెళ్ళే నాళంలో రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోవడం. రక్తం అందని చోట గుండె కండరం కొంత చనిపోతుంది. చనిపోయిన కండరాన్ని శుభ్రం చేయడానికి శరీరం తెల్లరక్తకణాలను పంపుతుంది. ఆ పని జరిగేటప్పుడు ఒళ్ళు వెచ్చబడుతుంది. కాలికి పెద్ద దెబ్బ తగిలినప్పుడు అక్కడ వాచి వేడిగా ఉండడం మీరు చూసే ఉంటారు. ఇదీ అటువంటిదే.

ఈ జ్వరం సాధారణంగా గుండెపోటు వచ్చిన మొదటి ఒకటి రెండు రోజులలో మొదలవుతుంది. 100, 101 డిగ్రీల వరకు ఉండవచ్చు. నాలుగైదు రోజులలో, మహా అయితే వారంలో తగ్గిపోతుంది. అప్పుడు రక్తపరీక్ష చేస్తే తెల్లకణాలు కూడా కొంత పెరిగి కనిపిస్తాయి. నిజానికి ఇప్పటి ట్రోపోనిన్ పరీక్షలు లేని రోజులలో వైద్యులు గుండెపోటును గుర్తించడానికి ఇ.సి.జి.తో పాటు జ్వరం, తెల్లకణాలు, ఇ.ఎస్.ఆర్. చూసేవారు. గుండెపోటును పట్టించే మొదటి రక్తపరీక్ష, ఎస్.జి.ఓ.టి., 1954లో గాని రాలేదు.

కనుక ఐ.సి.యు.లో ఉన్న మీవారికి కొద్దిపాటి జ్వరం ఉందని నర్సు చెబితే బెంగపెట్టుకోనవసరం లేదు. "ఇన్ఫెక్షన్ వచ్చింది, పెద్ద యాంటీబయోటిక్ ఎందుకు వేయడంలేదు?" అని వైద్యులను ఒత్తిడి చేయడమూ మంచిది కాదు. జ్వరానికల్లా యాంటీబయోటిక్ మందు కాదు. వైద్యులు రోగిని పరీక్షించి, ఎదురుచూడవలసిన జ్వరమో, వెతకవలసిన జ్వరమో నిర్ణయిస్తారు.

వెతకవలసిన జ్వరం

జ్వరం 101 దాటినా, వణుకుతో వచ్చినా, వారం దాటినా, ఒకసారి తగ్గి మళ్ళీ వచ్చినా కారణం వెతకాలి. ఆసుపత్రిలో ఉండగా సెలైను సూది పెట్టిన చేయి ఎర్రబడి నొప్పి పెట్టవచ్చు. మూత్రపు గొట్టం పెట్టినవారికి మూత్రంలో మంట రావచ్చు. కదలకుండా పడుకున్న పెద్దవయసువారికి, పొగతాగే అలవాటు ఉన్నవారికి ఊపిరితిత్తులలో నెమ్ము చేరవచ్చు. స్టెంటు వేయడానికి గొట్టం పంపిన మణికట్టు దగ్గర గాని గజ్జ దగ్గర గాని వాపు, చీము కనిపించవచ్చు. పిక్క వాచి నొప్పిగా ఉంటే కాలి రక్తనాళంలో గడ్డ కట్టిందేమో చూడాలి.

బైపాస్ ఆపరేషను జరిగినవారు ఇంకొంచెం జాగ్రత్త పడాలి. రొమ్ము మీది గాయం నుండి నీరు, చీము కారుతూ జ్వరం వస్తే ఒక్క రోజు కూడా ఆగకూడదు. ఆపరేషనుకు కాలి నుండి సిర తీసి ఉంటే, ఆ కాలు కొన్ని నెలలు, ఒక్కొక్కప్పుడు కొన్నేళ్ళ తర్వాత కూడా ఎర్రబడి వాచి చలిజ్వరం తెప్పించవచ్చు. మన ప్రాంతంలో దీనిని చాలామంది బోదకాలు జ్వరం అనుకుంటారు. చెప్పులు లేకుండా చేలగట్ల మీద, చెరువుగట్ల మీద తిరిగేవారు, ముఖ్యంగా షుగరు ఉన్నవారు, ఆ కాలి వేళ్ళ సందులను రోజూ కడిగి తుడిచి చూసుకోవాలి. చిన్న పగులు చాలు, సూక్ష్మక్రిములు లోపలికి పోవడానికి.

కొన్ని వారాల తర్వాత వచ్చే జ్వరం

గుండె చుట్టూ పలుచని సంచి వంటి పొర ఉంటుంది. గుండెపోటు వచ్చిన రెండు నాలుగు రోజులలో ఆ పొర వాచి జ్వరం, నొప్పి రావచ్చు. మరికొందరికి రెండు వారాల నుండి రెండు మూడు నెలల లోపల ఇటువంటి వాపే మళ్ళీ కనిపిస్తుంది. జ్వరం, నీరసం, ఛాతీలో పోటు ఉంటాయి. ఈ పోటుకు ఒక గుర్తు ఉంది. గట్టిగా ఊపిరి పీల్చినా, వెల్లకిల పడుకున్నా ఎక్కువవుతుంది, లేచి ముందుకు వంగి కూర్చుంటే తగ్గుతుంది. దీనిని 1956లో న్యూయార్కులో విలియం డ్రెస్లర్ అనే వైద్యుడు వివరించాడు. ఆయన పేరుతోనే డ్రెస్లర్ జబ్బు అంటున్నారు. శరీరం తన సొంత గుండె పొర మీద తానే తిరగబడడం వల్ల ఇది వస్తుంది. మూసుకుపోయిన నాళాన్ని త్వరగా తెరిచే వైద్యం వచ్చాక ఇది బాగా తగ్గిపోయింది. అయినా గుండెపోటు వచ్చిన చాలా గంటలకు ఆసుపత్రికి చేరినవారిలో కనిపించవచ్చు.

ఇది వైద్యానికి లొంగే జబ్బు. ఇ.సి.జి., ఎకో పరీక్షలతో తెలుసుకుని తగిన మందు ఇస్తారు. కానీ ఈ నొప్పికీ రెండవ గుండెపోటు నొప్పికీ తేడా ఇంట్లో కూర్చుని తేల్చుకోగలిగింది కాదు. ఆ పని ఇ.సి.జి. చూసి వైద్యుడే చేయాలి.

సూది, సెలైను బాటిలు

ఇక అసలు విషయానికి వస్తాము. జ్వరం వచ్చిందంటే మన ఊళ్ళలో మొదట గుర్తుకు వచ్చేది ఒక సూది, ఒక సెలైను బాటిలు. రాత్రివేళ పిలిస్తే పలికే మనిషి ఊరి ఆర్.ఎం.పి. గారే. ఆయనను నిందించడం మా ఉద్దేశం కాదు. చాలా ఊళ్ళలో కష్టానికి మొదట అందుబాటులో ఉండేది ఆయనే. కానీ గుండెపోటు వచ్చిన మనిషికి మామూలు మనిషికి చేసే జ్వరం వైద్యం పనికిరాదు.

మొదటిది నొప్పి మందు. జ్వరానికి, ఒళ్ళునొప్పులకు వాడే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి గుండెపోటు వచ్చినవారికి మంచివి కావు. డెన్మార్క్ దేశంలో గుండెపోటు వచ్చి బ్రతికిన 83 వేలకు పైగా రోగుల వివరాలు పరిశీలించి 2011లో ప్రచురించారు. ఈ రకం నొప్పి మందులు కొద్దిరోజులు వాడినవారిలో కూడా మళ్ళీ గుండెపోటు, మరణం ఎక్కువగా కనిపించాయి. డైక్లోఫెనాక్ విషయంలో వాడకం మొదలుపెట్టినప్పటి నుండే ముప్పు కనిపించింది. ఇదే కుటుంబానికి చెందిన రోఫెకాక్సిబ్ అనే మందును గుండెపోటు భయం వల్లనే 2004లో ప్రపంచమంతటా వెనక్కు తీసుకున్నారు. పైగా ఐబుప్రొఫెన్, మీరు రోజూ వేసుకునే ఆస్పిరిన్ పనిని చెడగొడుతుంది.

మందుల షాపులో "జ్వరం మాత్ర ఇవ్వండి" అని అడిగి తెచ్చుకునే మాత్రలలో కూడా పారాసెటమాల్ తో పాటు ఎసిక్లోఫెనాక్ గాని ఐబుప్రొఫెన్ గాని కలిసి ఉండవచ్చు. అట్ట మీది పేర్లు చదువుకున్న పిల్లలచేత చదివించండి. జలుబు మాత్రలలో ఉండే ఫినైలెఫ్రిన్ రక్తపోటు పెంచవచ్చు. వీరికి పారాసెటమాల్ ఒక్కటే ఉన్న మాత్ర తగినది. అది కూడా ఒక మాత్రకూ మరొక మాత్రకూ మధ్య కనీసం ఆరు గంటలు ఉండాలి. కాలేయం జబ్బు ఉన్నవారు, మద్యం అలవాటు ఉన్నవారు వైద్యుని అడిగి వాడాలి.

రెండవది సూది. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వంటి రక్తం పలచబరచే మందులు వాడేవారికి కండకు సూది వేస్తే లోపల రక్తం చేరి పెద్ద గడ్డ కావచ్చు. ఒక్క పూటలో జ్వరం దిగిందనిపించే స్టెరాయిడ్ సూది షుగరును ఎగదోస్తుంది. కారణాన్ని కప్పిపెడుతుంది. పైగా గుండెపోటు తర్వాత గుండె గాయం గట్టిపడడానికి సుమారు ఆరు వారాలు పడుతుంది. ఆ సమయంలో స్టెరాయిడ్ ఆ మచ్చ గట్టిపడకుండా అడ్డుపడవచ్చు.

మూడవది సెలైను. అర లీటరు సెలైను బాటిలులో నాలుగున్నర గ్రాముల ఉప్పు ఉంటుంది. ఒక మనిషి రోజంతా తినే ఉప్పు ఐదు గ్రాముల లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. మేము ఆవకాయ, ఎండు చేప తగ్గించమని రోగికి చెబుతూ ఉంటాము. ఆ రోగికి ఒక గంటలో ఒక రోజు ఉప్పునూ అర లీటరు నీటినీ రక్తంలోకి ఎక్కిస్తే, బలహీనపడిన గుండె దానిని తోడలేక ఊపిరితిత్తులలో నీరు చేరుతుంది. జ్వరానికని పడుకున్నవారు ఆయాసంతో లేస్తారు. వాంతులు, విరేచనాలతో నీరసించినవారికి సెలైను అవసరం కావచ్చు. అది రక్తపోటు చూస్తూ, గుండె పరిస్థితి తెలిసినవారు ఎక్కించాలి.

ఆర్.ఎం.పి. గార్లకు మా మనవి మూడు మాటలు. జ్వరం, నాడి, రక్తపోటు చూసి వ్రాయండి. పారాసెటమాల్ ఇవ్వండి. గుండె వైద్యం చేసిన ఆసుపత్రికి ఫోను చేయించండి. ఆ రోగికి మీరు చేయగల గొప్ప సహాయం ఇదే.

గుండె మాత్రలు ఎవరికి వారు ఆపవద్దు

"మందులు వేడి చేశాయి" అనే మాట గురించి గట్టిగా చెప్పాలి. స్టెంటు వేసిన మొదటి నెలలలో ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వంటి మాత్రలు అకస్మాత్తుగా ఆపితే స్టెంటులో రక్తం గడ్డకట్టి మళ్ళీ పెద్ద గుండెపోటు రావచ్చు. జ్వరం వచ్చినప్పుడు రక్తం గడ్డకట్టే స్వభావం ఇంకా ఎక్కువవుతుంది. అటువంటప్పుడే ఆ మాత్రలు ఆపడం వర్షం పడుతుండగా గొడుగు మూయడం వంటిది.

డెంగ్యూ సంగతి వేరు కదా అని మీరు అడగవచ్చు. నిజమే. డెంగ్యూలో ప్లేట్‌లెట్లు పడిపోతే ఆస్పిరిన్ వల్ల రక్తస్రావం కావచ్చు. అందుకే వానాకాలంలో గుండె రోగికి జ్వరం వస్తే రక్తపరీక్ష చేయించాలి. ఏ మాత్ర ఆపాలి, ఎన్ని రోజులు ఆపాలి, ఏది కొనసాగించాలి అనేది ప్లేట్‌లెట్ల లెక్క, స్టెంటు వేసిన తేదీ రెండూ చూసి వైద్యుడే నిర్ణయించాలి. అలాగే వాంతులై నీళ్ళు కూడా నిలవకపోతే బి.పి. మాత్రలు, నీరు పోయే మాత్రలు తగ్గించవలసి రావచ్చు. కొలెస్ట్రాల్ మాత్రలు వాడేవారికి క్లారిత్రోమైసిన్ వంటి కొన్ని యాంటీబయోటిక్ మందులు పడవు. ఎక్కడికి వెళ్ళినా మీ మందుల చీటీ చూపించాలని మేము పదేపదే చెప్పేది ఇందుకే.

"లంఖణం పరమౌషధం" అని మన పెద్దల మాట. షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడే గుండె రోగికి ఆ మాట వర్తించదు. కడుపు మాడ్చి మాత్ర వేసుకుంటే షుగరు పడిపోయి స్పృహ తప్పవచ్చు. జావ, మెత్తని అన్నం, ఇడ్లీ కొద్దికొద్దిగా తినిపించండి. చెమట పట్టాలని దుప్పట్లు కప్పడం కూడా వద్దు. ఒంటి వేడి ఒక సెల్సియస్ డిగ్రీ పెరిగితే గుండె నిమిషానికి సుమారు 8 నుండి 10 సార్లు ఎక్కువ కొట్టుకోవాలి. దెబ్బతిన్న గుండెకు అది అదనపు బరువు. పలుచని బట్టలు, గాలి, గోరువెచ్చని నీటితో ఒళ్ళు తుడవడం మంచిది.

చూడవచ్చేవారికి ఒక మాట

మన సంఘాలలో ఒకరు ఆసుపత్రి నుండి ఇంటికి వచ్చారంటే పదిమంది చూడడానికి, ప్రార్థన చేయడానికి వెళతారు. అది మంచి ఆచారం. రోగికి ధైర్యం ఇస్తుంది. అయితే జలుబు, దగ్గు, జ్వరం ఉన్నవారు తగ్గేదాకా ఆగి వెళ్ళడమే ప్రేమ. అప్పటివరకు ఫోనులో మాట్లాడండి.

ఇది ఊరికే చెప్పే జాగ్రత్త కాదు. కెనడాలోని ఒంటారియోలో పరిశీలించి 2018లో ప్రచురించినదాని ప్రకారం, పరీక్షలో ఫ్లూ అని తేలిన తర్వాత మొదటి వారంలో గుండెపోటు వచ్చే అవకాశం సుమారు ఆరు రెట్లు ఎక్కువగా ఉంది. గుండెపోటు వచ్చి ఆసుపత్రిలో ఉన్న రోగులకే ఫ్లూ టీకా వేసి చూసిన పరిశోధన 2021లో వెలువడింది. మన పొరుగున ఉన్న బంగ్లాదేశ్ తో సహా ఎనిమిది దేశాలలో 2,500 మందికి పైగా అందులో పాల్గొన్నారు. ఏడాదిలో టీకా వేసుకోనివారిలో నూటికి 4.9 మంది చనిపోతే, వేసుకున్నవారిలో 2.9 మంది చనిపోయారు. మన దేశంలో గుండె రోగులు ఈ టీకా గురించి అడగడం అరుదు. ఈసారి వచ్చినప్పుడు మీ వైద్యుని అడగండి. ఏటా వేయించుకోవలసిన టీకా ఇది.

ఆసుపత్రులు కూడా చేయవలసింది ఉంది

భారమంతా కుటుంబాల మీద వేయడం న్యాయం కాదు. డిశ్చార్జి చీటీ ఇంగ్లీషులో ఉంటే ఇంట్లో పెద్దలకు అర్థం కాదు. గుండె వైద్యం చేసే ప్రతి ఆసుపత్రి, చిన్నదైనా పెద్దదైనా, డిశ్చార్జి చీటీ మీద తెలుగులో నాలుగు వరుసలు వ్రాయాలని మా అభిప్రాయం. స్టెంటు వేసిన తేదీ, ఎవరికి వారు ఆపకూడని మాత్రల పేర్లు, వాడకూడని నొప్పి మందుల పేర్లు, రాత్రిపూట కూడా పలికే ఫోను నంబరు. దీనికి ఖర్చు లేదు. ఆ చీటీ చూసిన ఆర్.ఎం.పి. గారికీ, మందుల షాపు అబ్బాయికీ కూడా అది దారి చూపిస్తుంది. మీ చీటీలో ఈ నాలుగు లేకపోతే, వ్రాసి ఇవ్వమని అడిగే హక్కు మీకు ఉంది. మొహమాటపడకండి.

ఇంట్లో గుర్తుంచుకోవలసినవి

1. ఇంట్లో ఒక థర్మామీటరు ఉంచండి. చేత్తో తాకి చూసి జ్వరం నిర్ణయించవద్దు. ఉదయం, సాయంత్రం చూసి కాగితం మీద వ్రాయండి.

2. ఇంటికి వచ్చిన తర్వాత జ్వరం 100 దాటితే గుండె వైద్యం చేసిన ఆసుపత్రికి అదే రోజు ఫోను చేయండి. 101 దాటినా, వణుకు, దగ్గు, మూత్రంలో మంట, గాయంలో చీము, కాలి వాపు ఉన్నా రోగిని తీసుకువెళ్ళండి.

3. పారాసెటమాల్ తప్ప మరే నొప్పి మందూ, సూదీ, సెలైనూ అడగకుండా వేయించవద్దు.

4. గుండె మాత్రలు ఎవరికి వారు ఆపవద్దు.

5. జ్వరంతో పాటు ఛాతీ నొప్పి, ఆయాసం, చల్లని చెమటలు, స్పృహ తప్పడం ఏది ఉన్నా వెంటనే 108కి ఫోను చేయండి. షుగరు ఉన్నవారికి, వృద్ధులకు నొప్పి లేకుండా కూడా గుండెపోటు రావచ్చు. ఆయాసం ఒక్కటే ఉన్నా ఆలస్యం చేయవద్దు.

ఈ పేజీని కత్తిరించి మందుల డబ్బాలో ఉంచుకోండి. గుండెపోటు నుండి బయటపడిన మనిషి చాలా దూరం నడిచి వచ్చినట్లే. ఒక జ్వరం దగ్గర, ఒక తొందరపాటు సూది దగ్గర ఆ ప్రయాణం ఆగిపోకూడదు. అనుమానం వస్తే అడగండి. అర్ధరాత్రి అయినా ఫరవాలేదు.